కళాశాల తొలిమెట్టు తెలుగున నుండవలయును
(కొత్తచెరువు పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



పెద్ద పట్టములను కొనియాడుట మనకు అలవాటు. ఆ పట్టములకు పునాదియగు తొలియేటి పాఠములు కళాశాలలలో నెట్లు సాగుచున్నవో విచారించువారు అరుదు. పునాది నిలువని మేడకు సున్నము కొట్టిన ఫలమేమి? భౌతికశాస్త్రము, రాజనీతిశాస్త్రము, మనశ్శాస్త్రము అను మూడింటి ప్రవేశపాఠములను గూర్చి నేడు మీకు విన్నవింపదలచితిమి. మొదటిది ప్రకృతిని, రెండవది ప్రభుత్వమును, మూడవది మన మనస్సును మనకు ఎరుకపరచును. ఇవి పండితులకు మాత్రమే కావలసినవి కావు. ఓటు గల ప్రతి మనుజునకును కావలసినవి.

చెరువు పేరనే వెలసిన ఈ యూర మూడు శాస్త్రములకును చెరువుకట్టయే బడి కాగలదు. నీటిలో పది మీటర్ల లోతునకు పోయినచో అచ్చటి నీటిబరువు వలని ఒత్తిడి, మనపైనున్న గాలి ఒత్తిడికి సుమారు సమానమగును. లోతు హెచ్చినకొలది అది హెచ్చును. కట్ట అడుగున వెడల్పుగా నుండవలసిన కారణములలో నిది యొకటి. ఇది భౌతికశాస్త్రము. తూము ఎప్పుడెత్తవలయును? కడపటి మడికి నీరందనిచో ఎవ్వరిని నిలదీయవలయును? ఇది రాజనీతిశాస్త్రము. 1992 నాటి 73వ సవరణము పంచాయతీలకును గ్రామసభలకును రాజ్యాంగమున స్థానమొసగెను. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము నీటి వినియోగదారుల సంఘములకు దారితీసెను. ఇక నీరు చాలని యేట, పొరుగువాడు ముందుగా మళ్లించుకొనునేమో యను భయముచేత మంచివాడు సైతము వంతు తప్పుటకేల సిద్ధపడును? ఇది మనశ్శాస్త్రము.

చెరువుకట్టపై నిట్లు చెప్పిన రైతుబిడ్డ తప్పక గ్రహించును. ఆ బిడ్డయే పెనుకొండకో, ధర్మవరమునకో, హిందూపురమునకో పోయి కళాశాల బల్లపై కూర్చుండినప్పుడు ఇదే విషయమును ఆంగ్లమున విని దిగులుపడును. బుద్ధి లేక కాదు, భాష అందక. అప్పుడు మిగిలిన మార్గము కంఠస్థము. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జ్ఞాపకశక్తిపై తన పరీక్షలను ప్రకటించెను. అర్థము లేని అక్షరకూటములను వల్లించుటకు పట్టిన శ్రమలో సుమారు పదవవంతుతోనే అర్థవంతమగు పద్యము నేర్వవచ్చునని ఆయన తేల్చెను. అర్థము కాని వాక్యమును వల్లించు విద్యార్థి పదింతల కూలి చేయుచున్నాడన్నమాట. ఆ కూలికి ఫలము పరీక్షవరకే, పిదప శూన్యము.

తెలుగున శాస్త్రము చెప్పుట అసాధ్యమందురా? 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కూడి స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, విశ్వవిద్యాలయపు అండ లేకయే పదార్థవిజ్ఞానమును, రసాయనమును, జీవశాస్త్రమును తెలుగున వెలువరించెను. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పి, దేశభాషకు ఆ శక్తి గలదని నిరూపించెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలలకు పాఠ్యగ్రంథములను సమకూర్చెను. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసిననాడు బోధన ఆంగ్లమున సాగెననిన వింత లేదు, అది పరరాజ్యము. స్వరాజ్యము వచ్చిన ఏడు దశాబ్దములకు పిమ్మట, 2021లో, డిగ్రీ బోధననంతయు ఆంగ్లమునకు మార్చెదమని మన రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించుట వింత.

తల్లిదండ్రులే ఆంగ్లమును కోరుచున్నారని వాదింతురు. నిజమే, ఆ కోరికను మేము తేలికగా త్రోసివేయము. ఉద్యోగములును ఉన్నతగ్రంథములును ఆంగ్లమున నున్నవి. ధనికుని బిడ్డకు దక్కు ఆంగ్లము మగ్గమువాని బిడ్డకు దక్కరాదని పలుకుట అన్యాయము. అయితే ఆంగ్లము నేర్పుట వేరు, ఆంగ్లమున నేర్పుట వేరు. మొదటిది సక్రమముగా జరుగనిచోట రెండవది బిడ్డకు రెండు విధముల నష్టము: భాషయు రాదు, శాస్త్రమును రాదు.

కావున మా కోరిక మూడు మాటలలో నున్నది. తొలియేట మూలసూత్రములను తెలుగున బోధించి, సాంకేతికపదములను రెండు భాషలలోను నేర్పవలయును. పరీక్షలో విద్యార్థి తనకు వచ్చిన భాషలో ఉత్తరము వ్రాయ నీయవలయును. ఆంగ్లమును ప్రత్యేక విషయముగా, సమర్థులగు అధ్యాపకులచే, ఇప్పటికంటె ఎక్కువ గంటలు చెప్పింపవలయును.

ప్రభుత్వము వినువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? ఈ పఠనమందిరమున వారమునకొక సాయంకాలము ఒక ప్రవేశపాఠము తెలుగున జరుగనిండు. చదువుకొన్నవారు చెప్పుడు, చదువుచున్నవారు ప్రశ్నింపుడు, చదువు లేనివారు వచ్చి వినుడు. గ్రంథాలయోద్యమము పల్లెపల్లెకు పుస్తకమును తెచ్చిన తెలుగుదేశమిది. పుస్తకమునందలి అర్థమును ఇంటింటికి చేర్చు పని మన తరమున మిగిలియున్నది.