కూలికోత మిల్లు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



సేద్యమునకు తోడు కొంత రాబడికై కూలికోత మిల్లు పెట్టవచ్చునా యని మనవారు కొందరు అడుగుచున్నారు. దుంగ రైతుది, కోత మనది; కలపకై పెట్టుబడి అక్కరలేదు. కాని రంపము నెరిగి కొనవలెను. 10 అంగుళముల దిమ్మెను అంగుళపు పలకలుగా కోయునెడ, ప్రతి కోతకు పావంగుళము పొట్టుచేయు గుండ్రని రంపము 8 పలకల నిచ్చును. అంగుళములో 16వ వంతు మాత్రమే తిను బ్యాండు రంపము 9 ఇచ్చును. ఆ తొమ్మిదవ పలకయే రైతును మరల మన వాకిటికి రప్పించును.

అయితే యంత్రముకన్న ముందు అనుమతి. లైసెన్సు లేని మిల్లులను మూయింపవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. కలప లభ్యతను చూచి అనుమతించు పనిని 2016 నాటి కేంద్ర మార్గదర్శకములు రాష్ట్రస్థాయి సంఘములకు అప్పగించినవి. కావున పొలము తాకట్టుపెట్టి యంత్రము కొని, పిదప అటవీశాఖ గుమ్మ మెక్కకుడు. ముందు లైసెన్సు, పిదపనే రంపము.