ఊరి దారిలో హైబ్రిడ్ కారు
(చంద్రపూర్‌లో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఉగాదికీ ఈ వేదిక మీద పంచాంగ శ్రవణమో, కవి సమ్మేళనమో వినే మీకు మేము కారు కథ చెప్పబోతే నవ్వు రావచ్చు. గడచిన దసరాకు మేము కొన్న హైబ్రిడ్ కారును చూసి, "దీన్ని ఎక్కడ ఛార్జి చేస్తారండీ?" అని అడగనివారు మన సంఘంలో లేరు. ఒక్కొక్కరికి చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పెయ్యండని కార్యదర్శిగారు పట్టుబట్టారు. కారు పేరు మాత్రం చెప్పము. చెబితే అది ప్రకటన అవుతుంది. ప్రకటనలకు ఈ సంచికలో వేరే పుటలున్నవి, వాటికి రుసుము కూడా వున్నది.

మేము అంటే ఆలుమగల మిద్దరము. ఒకరు నడిపితే రెండోవారు పక్కన కూర్చుని లెక్క రాస్తారు.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. ఎక్కడా ఛార్జి చెయ్యము. మామూలు కార్లలాగే పెట్రోలు బంకుకు వెళ్లి పెట్రోలు పోయిస్తాము, అంతే. ఇందులో ఒక పెట్రోలు ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటారు వున్నవి. జోడెడ్ల బండి అనుకోండి, అయితే రెండెద్దుల స్వభావం వేరు. ఆగిన బండిని కదిలించడంలో మోటారుది పైచెయ్యి. నిలకడగా దూరం లాగడంలో ఇంజనుది. బ్రేకు తొక్కినప్పుడు మామూలు కారులో వేగమంతా వేడిగా మారి వృథా అవుతుంది. ఇందులో ఆ వేగంతోనే మోటారు తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీకి అందిస్తుంది. ఆ బ్యాటరీ ఎంతటిదో అనుకునేరు! ఒక్క యూనిట్టు కరెంటు కూడా పట్టదు. కాని నిమిషం నిమిషానికీ నిండుతూ, ఖాళీ అవుతూ వుంటుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. టయోటావారి ప్రియస్ 1997లోనే జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశానికి 2008లో హోండావారి సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చినా, వాటి ధర విని మనవంటివారు దూరం నుంచే దండం పెట్టారు. 2022లో హోండా సిటీ, టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ వితారా హైబ్రిడ్ రూపంలో వచ్చాకనే మధ్యతరగతి ఇళ్లలో ఈ మాట వినబడసాగింది.

మేము కారు కొనడానికి కారణం మా అమ్మ. ఆమె ఆసిఫాబాద్ దగ్గర పల్లెలో ఒంటరిగా వుంటుంది. నాన్నగారు పోయిన తరువాత చంద్రపూర్ రమ్మంటే రాదు. బండి ఎక్కితే చాలు, ఇంజను అదురుకు, పెట్రోలు వాసనకు ఆమెకు కడుపులో తిప్పుతుంది. రైలులో పంపుదామంటే ఆసిఫాబాద్ రోడ్ స్టేషను దాకానైనా ఏదో ఒక బండి ఎక్కాలి గదా! పోయిన సంవత్సరం ఆమెకు జ్వరం వచ్చిన సంగతి నాలుగు రోజులకు గాని మాకు తెలియలేదు. నెలకొకసారైనా వెళ్లి తీసుకురావాలి, ఆమె ఓర్చుకోగల బండి కావాలి అని అనుకున్నాము.

హైదరాబాదులో వున్న మా అబ్బాయి, పూర్తి విద్యుత్ కారే కొనమన్నాడు. దానికి 5 శాతం జీఎస్టీ, మా కారుకు 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం. ఆ తేడా చూస్తే వాడి మాట సబబే. కాని దారిలో ఛార్జింగు దొరకకపోతే అన్న బెంగ మాది. పైగా ఇక్కడ దుర్గాపూర్‌లో 2920 మెగావాట్ల కేంద్రం పొగగొట్టాలు చూస్తూ, కరెంటు కారుకు పొగ లేదనడానికి మాకు నోరు రాలేదు. పెట్రోలు పొగ మేలా, బొగ్గు పొగ మేలా అన్న తగవు మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఇక నడపడం. మొదటిరోజు మీట నొక్కితే చప్పుడు లేదు. చెడిపోయిందేమో అనుకుని మళ్లీ నొక్కాము, ఉన్నది కాస్తా ఆగిపోయింది! తీరా కాలు మోపితే పిల్లిలాగా కదిలింది. ఇందులో స్పోర్ట్ అని ఒక మీట వున్నది. యాభై దాటిన మాకు అదెందుకని నవ్వుకున్నాము గాని, రాజురా దారిలో బొగ్గు లారీల వరుసను దాటేటప్పుడు దాని విలువ తెలిసింది. మోటారుకు గేరు మార్చే జాగు లేదు, కాలు నొక్కగానే వీపు సీటుకు అతుక్కుంటుంది. నడిపేవారికి అది సరదాగానే వుంటుంది. పక్కవారు పుస్తకం మూసి "చాలు" అన్నదాకా సాగింది.

ఆ పుస్తకంలోని లెక్క మమ్మల్ని ఆశ్చర్యపరచింది. జట్‌పురా గేటు దగ్గర ఇరుక్కుని, ఆగుతూ కదులుతూ తిరిగిన వారాల్లో లీటరుకు 23 కిలోమీటర్లు వచ్చింది. ఖాళీ రోడ్డు మీద ఆసిఫాబాద్ దాకా వేగంగా వెళితే 18. తప్పు రాశావని ఒకరు, తప్పు తొక్కావని ఒకరు వాదించుకున్నాము. తరువాత అర్థమయింది. పెద్ద దారిలో బ్రేకు తొక్కే పనే తక్కువ, తిరిగి పుట్టే కరెంటూ తక్కువ. బరువంతా ఇంజనే మోస్తుంది. అంటే ఊరికి పోవడానికని కొన్న కారు పట్నంలోనే లాభమిస్తున్నది!

మామూలు పెట్రోలు కారుకంటే దీనికి మేము రెండు లక్షల ఇరవై వేలు ఎక్కువ పెట్టాము. మా పాత కారు పట్నంలో లీటరుకు 15 ఇచ్చేది. నెలకు వెయ్యి కిలోమీటర్లు పట్నంలోనే తిరిగామనుకున్నా, లీటరు 105 రూపాయల చొప్పున మిగిలేది 2,400. పెట్టినది రావడానికి ఏడేళ్ల పైమాట. అంచేత నెలకొకసారి ఊరికి వెళ్లిరావడమే పనిగా వున్నవారు ఇంత ఖర్చు పెట్టుకోవద్దని మా మనవి. డిక్కీలో బ్యాటరీ చోటు ఆక్రమించింది, ఊరినుంచి రెండు బియ్యం మూటలు తేవడం కష్టమే. 45 డిగ్రీలు దాటే మన ఎండల్లో దీని సంగతేమిటో ఇంకా చూడలేదు, వచ్చే ఉగాదికి చెబుతాము.

మొన్న అమ్మను తీసుకొచ్చాము. కొంగులో నిమ్మకాయ పట్టుకుని, భయపడుతూనే ఎక్కింది. వాంకిడి దాకా గట్టిగా కళ్లు మూసుకున్నది. లక్కడ్‌కోట్ దాటి రాజురా వచ్చేసరికి మాట్లాడసాగింది. 1956 దాకా ఆ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే వుండేది గదా, తన మేనత్త ఇల్లు అక్కడే వుండేదని చెప్పింది. వార్ధా వంతెన రాకముందే నిద్రపోయింది. చంద్రపూర్‌లో సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగగానే ఉలిక్కిపడి లేచింది.

"సప్పుడు లేదు, బండి బందయిందా బిడ్డా?" అన్నది.

"లేదమ్మా, ఇల్లొచ్చింది" అన్నాము. నిమ్మకాయ ఇంకా చేతిలోనే వున్నది.

ఆమె ఇక్కడే, మూడో వరుసలో కూర్చున్నది. ఎల్లుండి దిగబెట్టి రమ్మంటున్నది. ఈసారి వేగం ఎనభై దాటకుండా వెళ్లి ఎంత వస్తుందో చూడాలని లెక్క రాసేవారి ఆజ్ఞ.