బిగిసిన మర – ఓర్పుగల చేయి

(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



మగ్గాల చప్పుడులో పెరిగిన మీకు మేము పాత మోటారు కార్ల మరమ్మతును గూర్చి చెప్పబూనుట వింతగా తోచవచ్చును. కాని మన కుమఠా నాకా పిల్లలలో కొందరు చదువు ముగించి గ్యారేజీలలో పనికి కుదురుచున్నారు. అట్లు వెళ్లిన మా పూర్వ విద్యార్థి యొకడు కడచిన వేసవిలో మమ్ము చూడవచ్చెను. అతని కుడిచేతికి రెండు వ్రేళ్లు లేవు. జాకీ మీదనే నిలిపిన బండి, బిగిసిన నట్టును బలముగా లాగగా, జారి పడినదట. పని తెలియక కాదు, తొందరవలన అట్లయినది. ఆ దినముననే ఈ ప్రసంగమును నిశ్చయించుకొంటిమి.

మన ఊరికి కార్లతో సంబంధము లేకపోలేదు. 1882లో షోలాపురమున జన్మించిన శ్రీ వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థవారి పద్మినీ కార్లు బొంబాయి టాక్సీలుగా చిరకాలము తిరిగి 2023 అక్టోబరులో ఆ సేవనుండి విరమించినవి. అంబాసిడరు తయారీ 2014లో నిలిచినది. అయినను ఈ బండ్లను ప్రేమతో కాపాడుకొనువారు నేటికిని కలరు.

పాత బండి చేతికి రాగానే పానా పట్టరాదు, ముందు చూడవలెను. బండి ఒక ప్రక్కకు ఒరిగియున్నచో స్ప్రింగు క్రుంగినదో, కమాను కట్టలో పట్టీ విరిగినదో పరీక్షింపుడు. ఒక మూలను అదిమి విడిచినప్పుడు బండి పలుమారు ఊగినచో షాక్ అబ్జార్బరు శక్తి తప్పినదని గ్రహింపుడు. గుంటలలో టకటక చప్పుడు వచ్చినచో బుష్షులు, కింగ్ పిన్నులు అరిగియుండవచ్చును. టైరు ఒక అంచుననే అరుగుచున్నచో చక్రముల వాలును, వరుసను సరిచూడవలెను.

ఇక బిగిసిన నట్టు. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును; కావుననే మర బిగిసిపోవును. మొదట తీగ బ్రష్షుతో శుభ్రపరచి, తుప్పు సడలించు నూనె పోసి, ఒక రాత్రి నాననిండు. మరునాడు సుత్తితో మెల్లగా తట్టి, నట్టుకు సరిగా పట్టు రింగు పానాతో కొంచెము బిగించి, కొంచెము వదలించి, ఇట్లు ముందువెనుకలుగా కదలింపుడు. పానాకు పొడవైన గొట్టము తగిలించి లాగినచో బోల్టు తల తెగును. నట్టును వేడిచేసిన అది వ్యాకోచించి పట్టు సడలును. కాని పెట్రోలు, బ్రేకు గొట్టములు, రబ్బరు బుష్షులు ఉన్నచోట మంట పెట్టరాదు. టై రాడ్డు కొనలలో ఒకదానికి ఎడమవాటపు మర యుండును. అది యెరుగనివాడు విప్పుచున్నాననుకొని బిగించును!

అన్నిటికంటె ముఖ్యమైనది వినుడు. జాకీ బండిని ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. చక్రములకు అడ్డుకట్టలు వేసి, చట్రము క్రింద గట్టి స్టాండ్లు పెట్టిన పిమ్మటనే క్రిందికి దూరవలెను. బండిని పైకెత్తినను చుట్టు స్ప్రింగు లోపల అణగియే యుండును. దానిని అణచిపట్టు పనిముట్టు బిగింపక విప్పినచో తుపాకి గుండువలె ఎగిరి పడును.

మీ ఇండ్లలో నూలు చిక్కుపడినప్పుడు మీ అమ్మగారేమి చేయుదురు? లాగరు. లాగిన పోగు తెగునని వారికి తెలియును. ఓర్పుతో కొన వెదకి, ముడి వదలించి, మరల పోగు కలుపుదురు. ఆ విద్యయే గ్యారేజీలోను పనికివచ్చును. రేపు మీరు ఏ పనిముట్టు పట్టినను, బలమును చివరకు ఉంచుకొనుడు. ముందు చూపును, ఓర్పును వాడుడు. మీ పది వ్రేళ్లును క్షేమముగా ఇంటికి చేరుటయే మా కోరిక.

సెలవు.