ఒక్క మెతుకు లెక్క: కృత్రిమ మేధకు గణిత పునాది

(మన్సూరాబాద్‌లో జరిగిన పెన్షనర్ల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, ఆరోగ్య కార్డులు చర్చించుకోవలసిన సభలో కృత్రిమ మేధ గురించి, అందులోనూ దాని వెనుక ఉన్న గణిత పరిశోధనకు పెట్టే ఖర్చు గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను శాస్త్రవేత్తను కాను. గణాంక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పని చేసి రిటైరైనవాణ్ణి. తెలిసినంత మేరకు, అందరికీ అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఈ విషయం మనకు దూరమైనదని అనుకోవద్దు. ఏటా నవంబరు వస్తే మనం బ్రతికే ఉన్నామని రుజువు చూపాలి కదా. జీవన్ ప్రమాణ్ పద్ధతిలో 2021 నవంబరు నుంచి ముఖం చూసి గుర్తుపట్టే సౌకర్యం వచ్చింది. ఫోను ముందు కూర్చుని కళ్ళు మూసి తెరిస్తే చాలు. కదలలేని వారికి ఇది నిజంగా మేలు. అయితే ఆ ఫోను మనల్ని ఇంట్లో వాళ్ళు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టదు. మన ముఖాన్ని అంకెల వరుసగా మార్చుకుంటుంది. ఆధార్‌లో ఉన్న ఫొటో అంకెలతో పోల్చి చూస్తుంది. తేడా ఒక హద్దు లోపల ఉంటే సరే అంటుంది, దాటితే కాదంటుంది.

ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. బిగిస్తే పళ్ళు ఊడి, బుగ్గలు లోతుకు పోయిన అసలు మనిషిని కూడా కాదంటుంది. వదులు చేస్తే వేరే మనిషిని ఒప్పుకుంటుంది. ఉన్న సమాచారం అంతే అయినప్పుడు ఒక తప్పును తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఇది కంప్యూటరు లోపం కాదు, గణిత సత్యం. ఎంత తప్పు తప్పనిసరి, ఎంత తప్పు మన చేతగానితనం అని తేల్చి చెప్పేది గణాంక శాస్త్రమే.

మా శాఖలో పంట కోత ప్రయోగాలు చేసేవాళ్ళం. పొలంలో ఒక చిన్న చదరం కొలిచి, గుంజలు పాతి, తాడు కట్టి, ఆ మేరకు కోసి, నూర్చి, తూచి, దాన్నిబట్టి మొత్తం ప్రాంతం దిగుబడి అంచనా వేసేవాళ్ళం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పలేదు. కానీ ఎన్ని మెతుకులు చూస్తే ఎంత నమ్మకం? ఈ ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చినవాడు మన తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావు గారు.

ఆయన 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్ళారి జిల్లా హడగళిలో, పది మంది సంతానంలో ఎనిమిదోవాడుగా పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివారు. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లక్ష్మీకాంతమ్మ గారు లేపి నూనె దీపం వెలిగించి పెట్టేవారట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది దొరకలేదు గాని అక్కడ భారత గణాంక సంస్థ కంటబడింది. 1941 జనవరి 1న అందులో చేరారు.

కొద్ది కాలానికే కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ప్రశ్న అడిగాడు. పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ నిలుస్తుందా అని. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని నిరూపణ సాధించారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని అంచనా ఎవరు వేసినా ఇంతకు మించి కచ్చితం కాలేదని అందులో హద్దు గీశారు. అదే క్రామర్-రావు హద్దు. అదే వ్యాసంలో, ఒక సంభావ్యతా సూత్రానికీ మరో దానికీ మధ్య దూరాన్ని భూమి మీద దూరంలా కొలవవచ్చునని కూడా చూపారు.

నేటి కృత్రిమ మేధ నేర్చుకోవడం అంటే కోట్లాది అంకెలను అంచనా వేసి సవరించుకుంటూ పోవడమే. జపాను శాస్త్రవేత్త అమారి ఆ దూరం ఆలోచనను పెంచి, 1998లో న్యూరల్ నెట్‌వర్కులకు నేర్పే ఒక పద్ధతిని తయారు చేశారు. 1945కూ 1998కీ మధ్య 53 ఏళ్ళు! రావు గారికి అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది 2023లో, వ్యాసం వెలువడిన 78 ఏళ్ళకు. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు డబ్బు మాట. మన పెన్షను ఎలాంటిదో గణిత పరిశోధనా అలాంటిదే. వయసులో ఉండగా చేసిన సేవకు ఫలం ఎన్నో ఏళ్ళ తరువాత చేతికి వస్తుంది. మధ్యలో ఎవరైనా "ఈ ఏడాది లాభమేమిటి?" అని అడిగి ఆపేస్తే అంతా పోతుంది. 1973లో బ్రిటన్‌లో లైట్‌హిల్ నివేదిక వచ్చాక కృత్రిమ మేధ పరిశోధనకు నిధులు బాగా తగ్గిపోయాయి. అమెరికాలోనూ రక్షణ శాఖ 1971లో మొదలుపెట్టిన మాట గుర్తింపు పథకం 1976తో ముగిసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి బృందం ఆ ఏడాదికే వెయ్యికి పైగా మాటలు గుర్తుపట్టే యంత్రాన్ని చూపినా, పథకం కొనసాగలేదు. ఆయన పట్టు విడవలేదు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఈనాడు మన మనవళ్ళు ఫోనుతో తెలుగులో మాట్లాడుతున్నారంటే వెనుక అలాంటి వారి ఓపిక ఉంది.

మన దేశం సంగతి చూద్దాం. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కు అయిదేళ్ళకు సుమారు 10,372 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. అందులో ఏడు పద్దులు. కంప్యూటర్ల సామర్థ్యానికి 4,563 కోట్లు. భద్రత, నమ్మకం అనే పద్దుకు 20 కోట్ల పైచిలుకు. గణిత పునాదులకు వేరే పద్దు లేదు. బ్రిటన్ 2024లో 8 కోట్ల పౌండ్లతో తొమ్మిది కేంద్రాలు ప్రకటించినప్పుడు, వాటిలో కొన్నింటిని గణిత పునాదులకే కేటాయించింది. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్, సైమన్స్ ఫౌండేషన్ కలిసి 2020లో ఇదే పనికి రెండు బృందాలను నిలబెట్టాయి.

కంపెనీలు చూసుకోవా అని అడగవచ్చు. కంపెనీలు యంత్రాన్ని నడిపిస్తాయి. అది ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పే సిద్ధాంతం కోసం ఇరవై ఏళ్ళు వేచి ఉండటం వాళ్ళ వ్యాపారం కాదు. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్ళలో 50,000 కోట్లు అనుకున్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. ఆ డబ్బు గణితం దాకా వస్తుందా అన్నది నా సందేహం.

పేద దేశానికి ఇది అవసరమా అనేవారికి ఒక్క మాట. మహలనోబిస్ గారు 1931లో ప్రెసిడెన్సీ కాలేజీలోని తన గదిలో గణాంక సంస్థ ప్రారంభించినప్పుడు మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయల లోపే. గణితానికి పెద్ద ప్రయోగశాలలు అక్కరలేదు. మంచి మనుషులు, పుస్తకాలు, జీతం భరోసా, తీరిక చాలు. ఆ సంస్థకు 1959లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఇచ్చింది. 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త బిల్లు ముసాయిదా వెలువడగా, సంస్థ స్వేచ్ఛ తగ్గుతుందని, సొంత రాబడి చూసుకోమనే ఒత్తిడి పెరుగుతుందని అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు నిరసన తెలిపారు. సంస్థకు సంస్కరణలు అవసరమే కావచ్చు. కానీ రావు గారి ఆ ఒక్క రాత్రికి ఏ రాబడి చూపించగలం?

ఆ సంస్థ మనకు దూరంగానూ లేదు. నాగోల్‌లో మెట్రో ఎక్కి హబ్సిగూడలో దిగితే దాని హైదరాబాద్ కేంద్రం ఉంది. గచ్చిబౌలి వైపు రావు గారి పేరిట ఒక రోడ్డు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట ఒక గణిత, గణాంక సంస్థ ఉన్నాయి.

మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి: గణితానికి, గణాంకాలకు విడిగా పద్దు పెట్టాలని మన పార్లమెంటు సభ్యులకు మహజరు ఇద్దాం. రెండు: ఏటా మన పరిసరాల కాలేజీల నుంచి గణాంక సంస్థ ప్రవేశ పరీక్ష రాసే ఇద్దరు విద్యార్థులకు, వారిలో ఒకరు ఆడపిల్ల అయ్యేలా, పుస్తకాలు, పరీక్ష ఫీజు మనం భరిద్దాం. ఇంతకాలం ట్యూషన్ ఫీజు లేకుండా, స్టైపెండు ఇచ్చి చదివించిన సంస్థ అది. మూడు: నవంబరులో ఫోను గుర్తుపట్టని వారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు తీసుకువెళ్ళడానికి వాడకు ఇద్దరు సభ్యులను నియమిద్దాం. సిద్ధాంతం వచ్చేదాకా మనుషులే ఆసరా.

ఇంట్లో మనవడో మనవరాలో లెక్కలే చదువుతానంటే "ఉద్యోగం వస్తుందా?" అని మొదటి రోజే అడగవద్దని పెద్దలకు మనవి.