బ్రేకులు లేని బండి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసింది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరమూ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాం. ఈ నాలుగూ ఒక్క మనిషి బ్రతుకులో ఎట్లా పడినవో చెప్పాలని మేము ఒక దూరదేశీయుని కథ ఎన్నుకున్నాం. పిల్లలు కూడా వినేదేదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. ఇది మోటారు సైకిలు పందేల కథ గనుక పిల్లలు వింటారనే మా నమ్మకం.

స్పీడ్‌వే అనే పందెం మన దేశంలో ఎక్కువమంది చూసి ఉండరు. కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాకు. నలుగురు రౌతులు, నాలుగు చుట్లు. మొత్తం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. బండి ఐదువందల సీసీలది. దానికి గేరు ఒక్కటే. బ్రేకులు లేనే లేవు. ఇది తమాషాకు చెప్పుతున్న మాట కాదు. పక్కన ఉన్నవాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుకవాడు వచ్చి గుద్దుకుంటాడు గనుక, బ్రేకు లేకపోవడమే అక్కడ క్షేమం. మలుపులన్నీ ఎడమకే. మలుపు రాగానే రౌతు వెనుక చక్రాన్ని కావాలని జారనిస్తాడు. ఇనుప అట్ట తొడిగిన ఎడమకాలు నేలకు ఆనించి, ముందు చక్రాన్ని కుడికి తిప్పి, బండి ఎడమకు పోయేటట్లు చేస్తాడు. మొదట వచ్చినవానికి 3, తరువాతివానికి 2, మూడవవానికి 1, కడపటివానికి సున్న. పాతకాలపు ప్రపంచ ఫైనలులో పదహారుగురు రౌతులు. ఒక్కొక్కరు ఐదుసార్లు ఎక్కి, మిగిలిన పదిహేనుగురితోనూ ఒక్కొక్కసారి తలపడేవారు. అన్నింటా గెలిస్తే 15 పాయింట్లు. ఒక్కసారి జారితే ఏడాది శ్రమ మట్టిపాలు.

న్యూజీలాండులో క్రైస్ట్‌చర్చ్ అనే పట్టణం ఉన్నది. అక్కడినుంచి రోనీ మూర్, బారీ బ్రిగ్స్ అనే ఇద్దరు ఇంగ్లండు వెళ్ళి, వింబుల్డన్ జట్టులో చేరి పేరు తెచ్చుకున్నారు. మూర్ 1954లో ప్రపంచ విజేత అయినాడు. ఆ పట్టణంలోనే 1939 అక్టోబరు 4న పుట్టిన ఐవన్ మాగర్ అనే కుర్రవాడు, వాళ్ళు వెళ్ళిన దారినే తానూ వెళ్ళాలనుకున్నాడు. 1957లో, పదిహేడేళ్ళ వయస్సులో, భార్య రేను వెంటబెట్టుకొని ఇంగ్లండు చేరినాడు. ఆ రోజుల్లో అది ఓడమీద వారాల తరబడి ప్రయాణం.

వింబుల్డన్ వారు చేర్చుకున్నారు గాని, పందెంలో అతనికి చోటు నిలవలేదు. మైదానంలో చిల్లర పనులు చేసినాడు. మూర్, బ్రిగ్స్ పేర్లు అందరి నోళ్ళలోనూ ఉన్నచోట, వారి ఊరివాడే అయిన ఈ పిల్లవాణ్ణి అడిగే దిక్కు లేదు. చివరకు తట్టాబుట్టా సర్దుకొని వెనుకకు వెళ్ళిపోయినాడు. పంచాంగం భాషలో చెప్పాలంటే వ్యయం నిండుగా, ఆదాయం నిల్లు. అవమానం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అక్కడితో కథ అయిపోయి ఉంటే మేము ఈనాడు నిలబడి చెప్పేవాళ్ళం కాదు. తిరిగి వెళ్ళిన తరువాత అతడు ఊరికే కూర్చోలేదు. ఆస్ట్రేలియాలో పందేలాడి చెయ్యి తిప్పుకున్నాడు. 1963లో మళ్ళీ ఇంగ్లండు వచ్చినాడు. ఈసారి పెద్ద జట్టుకోసం చూడలేదు. రెండవ తరగతి లీగులో ఉన్న న్యూకాసిల్ జట్టులో చేరినాడు. 1963లోనూ, 1964లోనూ ఆ లీగు రౌతులందరిలో మొదటివాడు అయినాడు. 1967లో ప్రపంచ ఫైనలులో మూడవ స్థానం. తరువాత 1968, 1969, 1970, వరుసగా మూడేళ్ళు ప్రపంచ విజేత. వరుసగా మూడు గెలిచిన తరువాత అతని బండికి ఇద్దరు అమెరికన్ అభిమానులు బంగారు పూత పూయించినారు. ఆ బండి క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ మ్యూజియంకు చేరింది.

1972లో నాలుగవసారి గెలిచినాడు. 1973లో ఫైనలు పోలండులోని హోజూవ్ పట్టణంలో. మాగర్, ఆ దేశపువాడే అయిన యెజీ ష్చాకిల్ సమానంగా పాయింట్లు తెచ్చుకున్నారు. తేల్చడానికి ఇద్దరికే ఒక పందెం పెట్టినారు. అందులో మాగర్ కింద పడినాడు. ష్చాకిల్ గెలిచి, పోలండుకు మొదటి ప్రపంచ విజేత అయినాడు. మట్టి కొట్టుకొన్న బట్టలతో అన్ని వేలమంది ఎదుట లేవడం ఎట్లా ఉంటుందో ఊహించండి. మరుసటేడు రెండవ స్థానమే దక్కింది. వయస్సు మీరిందని అనుకోవడానికి ఎవరికైనా అదే చాలు.

1977లో ఐదవసారి గెలిచినాడు. 1979లో నలభయ్యేళ్ళు నిండబోతుండగా ఆరవసారి గెలిచినాడు. అంతవరకు ఎవరూ ఆరుసార్లు గెలిచి ఉండలేదు. ఎక్కడ గెలిచినాడనుకున్నారు? ఆరేళ్ళ క్రితం కింద పడిన ఆ హోజూవ్ మైదానంలోనే. 2005లో స్వీడనువాడైన టోనీ రికార్డ్‌సన్ ఆ లెక్కను అందుకున్నాడు. మూర్‌కు రెండు, బ్రిగ్స్‌కు నాలుగు, మాగర్‌కు ఆరు: ఒక్క పట్టణపు ముగ్గురు రౌతులకు పన్నెండు ప్రపంచ విజయాలు. రాజపూజ్యం కూడా అక్షరాలా దక్కింది: 1976లో బ్రిటిష్ రాణిగారి ఎం.బి.ఇ., 1989లో ఓ.బి.ఇ. 2018 ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయస్సులో ఆయన కన్నుమూసినాడు.

ఇక మన సంగతి. మన తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ ఈ షోలాపురం చేరినారు. అందరూ మొదటిసారే నిలదొక్కుకున్నారని మన పిల్లలు అనుకుంటారు. మనమూ అట్లాగే చెప్పుతుంటాం. అది నిజం కాదు. మా తాతగారు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు తిరిగి ఊరికి పోయి, మూడవసారి నిలిచినారు. రెండవసారి చేతులు ఊపుకుంటూ ఇంటికి పోయిననాడు మా నాయనమ్మ ఒక్కమాట అడగకుండా కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెట్టిందట. ఆ నీళ్ళచెంబే లేకపోతే, మేము ఈ ఊళ్ళో లేము.

నిరుడు మన వీధి కుర్రవాడొకడు మోటారు పని నేర్చుకుంటానని పూనా వెళ్ళి, ఎనిమిది నెలలకే తిరిగివచ్చినాడు. మనమేమి చేసినాం? "ఏమిరా, పూనా అయిపోయిందా?" అని అరుగుమీదనే అడిగినాం. నలుగురూ నవ్వినారు. నవ్వినవారిలో మేమూ ఉన్నాం. ఆ అబ్బాయి నాటినుంచి సంఘం గడప తొక్కలేదు. ఈ సాయంకాలం కూడా రాలేదు. మేము కుర్చీల వరుసలన్నీ చూసినాం.

మాగర్ మొదటి ప్రయాణం వ్యర్థం కాలేదని ఇప్పుడు మనకు తెలుసు. 1958లో తెలిసినవారెవరు? ఓడిపోయి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళబోతున్నాడో, అక్కడే ఆగిపోతాడో అతని ముఖంమీద రాసి ఉండదు. ఆగిపోయినా తప్పు కాదు, ఇల్లు ఇల్లే. పందెంలో బండికి బ్రేకులు లేకపోవడం క్షేమం; ఇంటి అరుగుమీద మన నాలుకకు మాత్రం బ్రేకు కావాలి.

కాబట్టి పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఎక్కడినుంచైనా ఎవరైనా తిరిగివస్తే, మొదటి ఆదివారమే సంఘానికి పిలుద్దాం. "ఎందుకు వచ్చావు?" అనకుండా "ఏం నేర్చుకొని వచ్చావు?" అని అడుగుదాం. ఆ అబ్బాయి ఎనిమిది నెలల్లో ఇంజను విప్పి బిగించడం నేర్చినాడని మొన్ననే మాకు తెలిసింది. రేపు ఉదయం మేమే వాళ్ళ ఇంటికి వెళ్ళి, నిరుటి నవ్వుకు క్షమాపణ చెప్పుకొని వస్తాం. వెంట వచ్చేవారు ఎనిమిది గంటలకు మారుతి గుడి దగ్గర కలవండి.