ఓడవాని ముడి



గాజుజాడీకి త్రాటితో అల్లిన తొడుగు నేడు ఇంటికి అలంకారము. పూర్వము ఓడలలో అది అవసరము. కెరటములకు ఓడ ఊగునపుడు సీసాలు ఒకదానినొకటి తాకి పగులును గనుక నావికులు వానికి త్రాటితో కవచములు అల్లిరి. 19వ శతాబ్దమున తిమింగిలముల వేటకు పోవు తెరచాప ఓడలు మూడు నాలుగేండ్లు కడలిపైననే ఉండెడివి. త్రాళ్లకు కొదువ లేదు. తీరికకును కొదువ లేదు.

జాడీ మెడకు త్రాడు చుట్టి, దానిపై వరుసగా ఉచ్చులు వేయుదురు. క్రింది వరుసలోని ప్రతి ఉచ్చు పైవరుసలోని ఉచ్చును పట్టుకొనియుండును. జాడీ వెడల్పగుచోట ఉచ్చులు హెచ్చింతురు, సన్నగిలుచోట తగ్గింతురు. తుదకు మెడకు ‘టర్క్స్ హెడ్’ అను ముడిని తొడుగుదురు. తురుష్కుని తలపాగను పోలుటచే దానికా పేరు. జడవలె అల్లుకొని, కొస వచ్చి మొదలును కలియు వలయమది.

ఈ ముడియే నా గర్వమును అణచినది. నేను బడిలో గణితము చెప్పు రోజులలో ఒక బాలుడు, “పంతులుగారూ, గరిష్ఠ సామాన్య భాజకముతో మనకేమి పని?” అని అడిగెను. “పరీక్షలో పని” అని గద్దించి కూర్చుండబెట్టితిని. ఉద్యోగము విరమించిన పిమ్మట, మనుమరాలి కోరికపై ఊరగాయజాడీకి ఈ ముడి వేయబూనితిని. నాలుగు పేటలు, అంచున ఆరు వంపులు. త్రాడు సగము దారిలోనే మొదటికి వచ్చి చేరినది. మూడు మారులు విప్పితిని; మూడు మారులును అంతే.

మా ఇంటి ఇల్లాలు చూచి, “మెలికల ముగ్గు సంగతియు ఇంతే గదండీ! నాలుగు వరుసలలో ఆరేసి చుక్కలు పెట్టిన గీత రెండగును, ఐదేసి పెట్టిన ఒక్కటే” అనెను. నాలుగును ఆరును రెండుచే భాగింపబడును గనుక త్రాళ్లు రెండు కావలెను. నాలుగును ఐదును ఒకటిచే తప్ప భాగింపబడవు. ఒక్క త్రాడు చాలును. ఆ బాలునికి నేను బాకీపడిన సమాధానము ఇన్నేండ్లకు నా చేతిలో చిక్కినది.

ఆవిరి ఓడల రాకతో తెరచాపల కాలము గతించుచుండగా, అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డ్ రేవున జన్మించిన క్లిఫర్డ్ ఆష్లీ అను చిత్రకారుడు 1904లో వేట ఓడనెక్కి నావికుల పనులు కన్నులార చూచెను. 1944లో 3,800 పైచిలుకు అంశములతో ముడుల గ్రంథమును ప్రకటించెను. ఆయన వలన ఆ విద్య పుస్తకమున నిలిచినది. కాని చేతికి రాని ముడి సగము విద్యయే. మీ ఇంటి పిల్లలకు ఒక బారెడు త్రాడిండు; వారు ప్రశ్నించిన గద్దింపకుడు.