బీఫ్ షాపులో పిక్క మాంసం అడగడం ఎలా? మూలుగ బొక్క మీకెందుకు రావట్లేదు?

ఈరోజు ఎపిసోడ్ పెద్దకూర గురించి. తినని వాళ్లకి ఇందులో పనికొచ్చేది పెద్దగా లేదు, మనం వచ్చే వారం కలుద్దాం. తినేవాళ్లు మాత్రం చివరిదాకా వినండి. ఎందుకంటే మీరు డబ్బులు పెట్టి కొంటున్న దాంట్లో నాకు తెలిసి బెస్ట్ పార్ట్ మీ కవర్లోకి రావట్లేదు.

ఒక అక్క మెసేజ్ పెట్టింది. డెలివరీ అయి మూడు నెలలట. ఊళ్లో వాళ్లమ్మ మూలుగ బొక్క పులుసు పెట్టేదట. ఇక్కడ కొండాపూర్‌లో ఉంటోంది. భర్తని పంపిస్తే కిలో మిక్స్ కూర పట్టుకొచ్చాడు. రెండోసారి పంపిస్తే 'బోన్‌లెస్' పట్టుకొచ్చాడు. "తమ్ముడూ, అసలు దాన్ని ఏమని అడగాలి?" అని అడిగింది. చిన్న ప్రశ్నే. కానీ దీనికి గూగుల్ దగ్గర ఆన్సర్ లేదు. ఇంగ్లిష్‌లో వెతికితే 'షాంక్' అని వస్తుంది. ఆ మాట తీసుకెళ్లి మెహదీపట్నంలో మొద్దు ముందు నిలబడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

సో, ముందు అది ఏంటో చూద్దాం. మీ కాలు వెనకాల, మోకాలి కింద చేయి పెట్టండి. పిక్క తగిలిందా? అదే. జంతువుకి నాలుగు కాళ్లు కాబట్టి నాలుగు పిక్కలు. వెనక కాళ్లవి పెద్దవి, ముందు కాళ్లవి చిన్నవి, వాటిలో బొక్క వాటా ఎక్కువ. మధ్యలో గొట్టం లాంటి బొక్క, దాని లోపల మూలుగ. చుట్టూ గుండ్రంగా, పొడుగ్గా ఉండే కండ, మధ్యమధ్యలో తెల్లటి చారలు. ఆ చారల్ని చూసి "నరాలు ఎక్కువున్నాయి, వద్దు" అంటాం. అసలు రుచి అంతా అక్కడే ఉంది. ఎలాగో తర్వాత చెప్తా.

మరి ఎందుకు దొరకదు? జంతువులో లేక కాదు. మన దగ్గర అమ్మే పద్ధతి వల్ల. ఊళ్లల్లో ఆదివారం పొద్దున పోగులు వేయడం చూసిన వాళ్లుంటారు. ఒక్కో పోగులో కాస్త కండ, కాస్త బొక్క, కాస్త కార్జం, అందరికీ సమానంగా. చాలా న్యాయమైన సిస్టమ్, నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఆ సిస్టమ్‌లో 'నాకు ఫలానా భాగం కావాలి' అనే మాటకి చోటు లేదు. సిటీకి వచ్చాక దుకాణం మారింది గానీ మన నోరు మారలేదు. "కిలో కొట్టు భాయ్" అంటాం, ఆయన చేతికి అందింది కొడతాడు. పిక్క బాగా నెమ్మదిగా ఉడుకుతుంది కాబట్టి మామూలు కూర ముక్కల్లో అది కలిస్తే కస్టమర్ వచ్చి గొడవ పెడతాడు, "మొన్న ఇచ్చింది ఉడకనే లేదు" అని. అందుకే తెలివైన షాపు వాళ్లు దాన్ని పక్కన పెడతారు, తెల్లవారుజామున నహారీ చేసే హోటళ్ల వాళ్లు వచ్చి తీసుకెళ్లిపోతారు. మీరు తొమ్మిదిన్నరకి నిద్రలేచి, పది దాటాక బండి తీస్తే ఏముంటుంది అక్కడ?

ఇంకో కోణం ఉంది. మన దేశం నుంచి గేదె మాంసం పెద్ద ఎత్తున బయటికి వెళ్తుంది, వియత్నాం, మలేసియా, ఈజిప్ట్ లాంటి చోట్లకి. కానీ రూల్ ప్రకారం బొక్క తీసేసిన మాంసమే ఎగుమతి చేయాలి. బొక్కతో ఉన్నది పంపకూడదు. అంటే మూలుగ బొక్క దేశం దాటదు. ఇక్కడే ఉంది. మనం అడగట్లేదు, అంతే.

సరే, ఏమని అడగాలి? హైదరాబాద్‌లో షాపు భాష దక్కనీ ఉర్దూ. మటన్‌ని 'ఛోటే కా' అంటారు, ఇది 'బడే కా'. మీరు అనాల్సిన మాట 'నల్లి'. ఇంకా బాగా పనిచేసే మాట, "భాయ్, నహారీ కా గోష్ హోనా". భాగం పేరు చెప్పే బదులు వంట పేరు చెప్పండి. ఎందుకంటే ఒక్కో షాపులో భాగాల పేర్లు ఒక్కోలా పలుకుతారు గానీ, నహారీకి ఏం వాడతారో కత్తి పట్టుకున్న ప్రతి మనిషికీ తెలుసు. మిగతావి కూడా గుర్తుపెట్టుకోండి: 'రాన్' అంటే తొడ, 'దస్త్' అంటే ముందు కాలి పైభాగం, 'సీనా' అంటే రొమ్ము, 'చాప్' అంటే పక్కటెముకల వైపు. గుంటూరు, కర్నూలు, విజయవాడ వైపు అయితే తెలుగులోనే "పిక్క కావాలి, మూలుగ బొక్కతో" అనండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మీ పిక్క చూపించండి. నేను అదే చేస్తా. నవ్వుతారు, ఇస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నల్లి అడిగితే కొంతమంది రాన్ ముక్క కోసి, పక్కన ఒక బొక్క పడేసి ఇస్తారు. మోసం అని కాదు, 'కండ, బొక్క రెండూ ఇచ్చా కదా' అని వాళ్ల లెక్క. తేడా ఎలా తెలుస్తుందంటే, తొడ కండ వెడల్పుగా, సాఫీగా ఉంటుంది. పిక్క కండ కండె లాగా ఉండి, ఒక చివర సన్నబడి తెల్లటి తాడులాగా అయిపోతుంది. ఆ తాడు కనిపిస్తే కరెక్ట్. కనపడకపోతే కొట్టకముందే ఆపండి. మొద్దు మీద ఒక దెబ్బ పడ్డాక వెనక్కి తీసుకోమనడం మర్యాద కాదు.

కొట్టించడం కూడా మీరే చెప్పాలి. విదేశీ వీడియోల్లో చక్రాల్లాగా గుండ్రంగా కోసి, మధ్యలో మూలుగ కళ్లలా కనిపిస్తుంది చూడండి, దానికి బొక్క కోసే రంపం మెషిన్ కావాలి. మామూలు చిన్న దుకాణంలో అది ఉండదు, కత్తే. కత్తితో గొట్టం బొక్కని అడ్డంగా నరికితే చిట్లుతుంది, సన్నటి పెంకులు కూరలో పడి పంటికి తగులుతాయి. అందుకని, కండ విడిగా తీయించండి, పెద్ద ముక్కలు, అరచేతిలో సగం సైజు. బొక్కని రెండు లేదా మూడు తుంటలే చేయించండి. ఇంటికొచ్చాక తుంటల్ని ఒకసారి నీళ్ల కింద వేలితో తడిమి కడగండి. ఇంకోటి, బొక్కతో కిలో తూకం వేస్తే కండ కిలో రాదు, చాలా తక్కువ వస్తుంది. అయినా మటన్‌తో పోలిస్తే మీకు పడేది దాదాపు మూడో వంతు రేటు. బ్యాచిలర్ బడ్జెట్‌లో ఇది మామూలు విషయం కాదు.

ఎప్పుడు వెళ్లాలి అంటే, ఆదివారం మాట్లాడటానికి వెళ్లకండి, తీసుకోవడానికి వెళ్లండి. ఆరోజు క్యూ చూస్తే మీ ప్రశ్నలకి ఆయన కత్తి ఎత్తుతాడు. వారం మధ్యలో, రష్ లేనప్పుడు వెళ్లి ఒక అరకిలో ఏదైనా కొని, "ఆదివారం నాకు వెనక కాలి నల్లి ఒకటి పక్కన పెడతారా?" అని అడగండి. ఫోన్ నంబర్ తీసుకోండి. రెండు మూడు వారాలు ఇలా చేస్తే మీ పేరు గుర్తుంటుంది. డెలివరీ యాప్‌లో రానిది ఇక్కడ పరిచయంతో వస్తుంది.

ఇప్పుడు వంట. ఇది చాలామంది దగ్గర తేడా కొట్టే చోటు. అమెరికా వీడియో చూసి కుక్కర్లో ఇరవై నిమిషాలు పెడతారు, రబ్బరు వస్తుంది. కారణం వంటలో లేదు, చట్టంలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ప్రకారం ఆవుని, దూడల్ని కోయకూడదు. గేదె దూడలు కూడా అందులోకే వస్తాయి. ఎద్దు, గేదె అయితే పాలకీ, పనికీ, పునరుత్పత్తికీ ఇక లాభం లేదని సర్టిఫికెట్ ఉండాలి. అంటే మన షాపులో వేలాడేది ఎక్కువగా గేదె, అది కూడా వయసు మళ్లినది. అమెరికాలో మాంసం కోసం పెంచే పశువుని రెండేళ్లు అటూ ఇటూగా కోసేస్తారు. అన్నేళ్లు నడిచిన కాలు, గింజలు తిని నిలబడిన కాలు, రెండూ ఒకే టైమ్‌కి ఉడకమంటే ఎలా ఉడుకుతాయి? మాంసం ముదురు ఎరుపులో ఉండి, కొవ్వు తెల్లగా ఉంటే గేదె. కొవ్వు పసుపుగా ఉంటే సాధారణంగా ఎద్దు జాతి.

ఆ తెల్ల చారల్లో ఉండేది కొలాజెన్. వేడి 70 డిగ్రీలు దాటాక అది మెల్లమెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. పులుసు చిక్కబడి, పెదాలకి అంటుకునేది దానివల్లే. టైమ్ కావాలి, అంతే. మన కుక్కర్ లోపల దాదాపు 120 డిగ్రీలు ఉంటుంది కాబట్టి గంటల పని తగ్గుతుంది. నా లెక్క: అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, ఉల్లిపాయ, ముక్కలు మునిగి పైన రెండు వేళ్ల నీళ్లు. మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో గంట. విజిల్స్ లెక్కపెట్టొద్దు, గడియారం చూడండి. నీళ్లు సరిపడా లేకపోతే మాత్రం గంట పెట్టకండి, అడుగంటుతుంది. ఆవిరి దానంతట అది పోయాక మూత తీసి గరిటెతో నొక్కండి. విడిపోవాలి. లేదంటే ఇంకో ఇరవై నిమిషాలు. మసాలా గుడ్డలో మూట కట్టి వేస్తే, నహారీ వాళ్లు చేసేలా, పులుసు తేటగా ఉంటుంది. పుల్లగా కావాలంటే చింతపండు చివర్లో.

డాలస్, న్యూజెర్సీ నుంచి అడిగిన వాళ్లకి రెండు మాటలు. మీకు హలాల్ షాపులో 'బీఫ్ షాంక్' అంటే చాలు, రంపంతో చక్రాలు కోసిస్తారు. మెక్సికన్ దుకాణంలో 'చమొర్రో దే రెస్' అనండి. చైనీస్, కొరియన్ సూపర్ మార్కెట్లలో బొక్క లేని పిక్క కండె విడిగా దొరుకుతుంది, కానీ దాంతో పులుసు చేస్తే మూలుగ ఉండదు కాబట్టి బొక్క వేరే కొనుక్కోండి. మీకు గంట అక్కర్లేదు, నలభై ఐదు నిమిషాల దగ్గర చూడండి.

ఇంక చాలామంది బయటికి అడగనిది ఒకటుంది. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు "మీరేం తింటారు" అని అడుగుతారు కదా. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని మనందరికీ తెలుసు. చికెన్ అంటే ఓకే, మటన్ అంటే గొప్ప, ఇది అంటే గది లేదు. నల్ల కవర్లో, దాని మీద ఇంకో కవర్లో, లిఫ్ట్‌లో ఎవరూ ఎక్కకూడదని చూస్తూ తీసుకెళ్లే వాళ్లు నాకు చాలామంది తెలుసు. మా ఇంట్లో తునకలు దండెం మీద ఎండబెట్టుకుని పెరిగిన తరం మా అమ్మమ్మది. ఆవిడ ఎవరికీ దాచలేదు, దాచే అవసరం ఉన్న వీధిలో ఆవిడని ఉండనివ్వలేదు కాబట్టి. మనం ఆ వీధిలోకి వచ్చాం, దాచడం నేర్చుకున్నాం. ఓనర్‌తో గొడవ పెట్టుకోమని నేను చెప్పను, నెలాఖరున డిపాజిట్ పోయేది మీది. కానీ షాపు దగ్గర కూడా గొంతు తగ్గించి "అది... కిలో..." అంటే, మీకు ఇచ్చేది కూడా 'అదే' ఇస్తారు. అక్కడ మాత్రం గట్టిగా, పేరు పెట్టి అడగండి.

కొండాపూర్ అక్కా, మీకు దగ్గరలో అంటే టోలీచౌకీ ట్రై చేయండి, లేదంటే మెహదీపట్నం. పొద్దున ఏడులోపు. బావగారిని పంపిస్తే ఈ ఎపిసోడ్ ఫార్వర్డ్ చేసి పంపండి. మూలుగ పడిపోకుండా బొక్క తుంటల్ని కుక్కర్లో నిలబెట్టి, చుట్టూ కండ పేర్చమనండి. వచ్చే వారం నాలుక గురించి, పైన చర్మం ఎలా ఊడదీయాలో చూపిస్తా. ఉంటాను.